మేడిచెల్క గుంజకు చలి లేదు

గూడెపల్లి మండలం, చలిగుంజల దినచర్య. తెర కట్టిన తర్వాత పదకొండో చలికాలం.
రాస్తున్నది: గుంజల కాపరి రుక్మ.

డిసెంబర్ 11

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇవాళ తెల్లవారుజామున ఇరవై రెండు ఊళ్లలో ఐదున్నర, ఆరు డిగ్రీలు. మేడిచెల్కలో పదకొండు. ఐదు రోజుల నుంచీ ఇదే వరస. గుట్ట అడ్డం ఉండి గాలి తగలడం లేదేమో అనుకున్నాను. అదృష్టవంతుల ఊరు, పోనీ పాపం.

బ్యాటరీ బండి మీద మూడు ఊళ్లు తిరిగి వచ్చాను. ఊరికొక ఇనుప గుంజ, ప్రతి గుంజ దగ్గరా చేసే పని ఒక్కటే. తెర నుంచి రాలే తెల్లపొడిని నెత్తిన ఉన్న సోలార్ పలక మీది నుంచి తుడవాలి, మోకాలెత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి ఉన్న, చలి కొలిచే బిళ్లలను గుడ్డతో రుద్దాలి, తీగ బిగువు చూడాలి. తుడిచి వెనక్కి తిరిగేలోపు మళ్లీ పిండి చల్లినట్టు ఉంటుంది. ఎండలకు జనం చచ్చిపోతున్నారని ఆకాశానికి తెర కట్టారు. ఎండాకాలం బతికించింది. చలికాలం మాత్రం నారుమళ్ల మీద పగబట్టింది.

ఈ పొడికి చలికాలంలో ఫోన్లు మూగబోతాయి కాబట్టి గుంజలే దిక్కు. జిల్లాలో ఉన్న పెద్దయంత్రం అన్ని గుంజల అంకెలూ తీగ మీద తీసుకుని లెక్క కట్టి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి ఆ రాత్రి చలి ఎంతో గుంజ చేతే చెప్పిస్తుంది. గొంతు నాదే. మొదటి చలికాలంలో నన్ను కూర్చోబెట్టి రెండు వందల పన్నెండు మాటలు పలికించారు. అంకెలు, ఊళ్ల పేర్లు, 'భయం ఉంది', 'భయం లేదు', 'పట్టాలు కప్పండి'. ఆ గదికి కిటికీ రెక్క లేదు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే చదివాను. అందుకని పదకొండేళ్లుగా ఇరవై మూడు ఊళ్లలో నేను రోజుకు రెండుసార్లు గజగజ వణుకుతున్నాను. అంగట్లో పిల్లలు నన్ను చూసి దవడలు కొట్టుకుంటూ "ఆ-ఆ-ఆరు డిగ్రీలు" అంటారు.

మళ్లీ చదువుతానని ప్రతి ఏడూ దరఖాస్తు పెట్టాలనుకుంటాను. తొమ్మిది కాగితాల పని. అబద్ధమెందుకు, బద్ధకం.

డిసెంబర్ 15

పెద్దయంత్రం మేడిచెల్కను 'వెచ్చని చోటు' కింద రాసుకుంది. రాసుకుని ఊరుకుంటే బాగుండు. మండలంలో నారుమళ్ల మీద కప్పే ప్లాస్టిక్ పట్టాలు పదకొండు వందలే ఉన్నాయి, అవి చలి ఎక్కువున్న ఊళ్లకు ముందు పోవాలి. మేడిచెల్కకు వాటితో పని లేదని ఇవాళ రెండు బండ్లు వచ్చి అక్కడి పట్టాలన్నీ చుట్టలు చుట్టి తీసుకుపోయాయి.

గుంజకు దగ్గర్లోని మడి రాజలింగానిది. నలభై ఏళ్ల మనిషి, నోరు ఊరుకోదు. పట్టాలు బండికెక్కుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మాకు సలి లేదని నీ మిషిని చెప్పింది. మరి నాకెందుకు సలి పెడ్తుంది?"

"బనీను మీద నిలబడ్డవు తమ్మీ, పెట్టదా?"

"నారు గూడ బనీను మీదనే ఉన్నది గదక్కా ఇప్పుడు."

నవ్వాను. బండెక్కాక ఆ నవ్వు నిలవలేదు.

డిసెంబర్ 18

రాజలింగం నన్ను దారిలో ఆపి పిడికెడు నారు చేతిలో పెట్టాడు. కొసలు ఇటుక రంగుకు తిరిగాయి. అది చలి తగిలిన నారు, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఆరు ఇళ్ల యాసంగి పంట ఈ మడుల్లోనే ఉంది. విత్తనం ఏడాదికి ఒకేసారి ఇస్తారు. నారు పోతే మళ్లీ పోయడానికి గింజ ఉండదు, పొలాలు వానాకాలం దాకా బీడు.

చలిబిళ్ల పాడై ఉంటుందని రెండు బిళ్లలూ తీసి కొత్తవి బిగించాను. పట్టపగలు పక్కన నా చేతి కొలత పెట్టి చూశాను. రెండూ ఒకే అంకె చెప్పాయి.

ఈ గుంజ పోయినేడు దాకా ఊరవతల ఉండేది. అక్కడ ఎద్దులు ఒరుసుకుంటున్నాయని ఈ ఎండాకాలమే నేనే దగ్గరుండి ఇక్కడికి మార్పించాను, కొమురవ్వ వాకిట్లోకి. కొమురవ్వకు డెబ్బై దాటాయి, కురుమల ఇంటి ఆడబిడ్డ, ఒంటరిది. ఆమె భర్త బీరయ్య గొర్ల కాపరి, మొదటి చలికాలంలోనే పోయాడు. నేను ఎప్పుడు పోయినా మక్కగట్క పెట్టకుండా పంపదు. ఇవాళా పెట్టింది.

"బక్కగైనవు బిడ్డా, నీ గొంతు గూడ బక్కగైంది," అంది.

నేను గట్క మీదే దృష్టి పెట్టాను. ఆ మాట వినాల్సినట్టు వినలేదు.

డిసెంబర్ 19

కొత్త బిళ్లలతో కూడా పదకొండే. పక్క ఊళ్లో ఐదు.

డిసెంబర్ 21

ఇక కాగితం మీద తేలేది కాదని తెల్లవారకముందే లేచి మేడిచెల్కకు పోయాను. తెల్లపొడి, పొగమంచు కలిసి దారి కనపడలేదు. బండి దిగి నడిపించుకుంటూ పోయాను. వాకిట్లో గుంజ ఉండాల్సిన చోట ఒక మనిషి ముసుగేసుకుని నిలబడి ఉన్నాడు. బండి అక్కడే ఆపి దగ్గరికి పోయాను.

మనిషి కాదు. గుంజే. నెత్తి నుంచి కింది దాకా నల్ల గొంగడి, నడుం దగ్గర తాడుతో ముడి. కింద పిడకల కుంపటి. కొమురవ్వ పక్కన పీట మీద కూర్చుని నిప్పులు ఎగదోస్తోంది.

"ఏందవ్వా ఇది?"

"ఏందేంది? గొంగడి."

"గుంజకు గొంగడెందుకు కప్పినవు?"

"సలికి. గొంగడి ఇంకెందుకు కప్పుతరు?"

"అది ఇనుమవ్వా!"

"ఇనుమని నాకెర్క లేదా? నేనేమన్న పిచ్చిదాన్నా?" కోపమొచ్చింది ఆమెకు. "గని గొంతు నీదే గద. పొద్దుమూకంగనే 'సలి ఎక్కువ' అనుకుంట గజగజ వణుకుతది. ఊరవతల ఉన్నన్నొద్దులు నాకు ఇనరాకపోవు. గిప్పుడు నా దర్వాజ ముంగట పాతితిరి. నేను లోపట వెచ్చగ పండుకోని, నువ్వు బయట వణుకుతుంటె ఇనుకుంట ఉండాల్నా? నాతోని గాదు."

ప్రతి రోజూ చీకటిపడగానే కప్పడం, తెల్లారి ఊరు లేచేలోపు తీసి మడతపెట్టడం. ఊరు నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు. నేను పగలు పోతాను కాబట్టి నా కంట పడలేదు. గొంగడి బీరయ్యది.

"ఆయినె పోయిన నాడు గిది ఒంటి మీద లేకుండె," అంది. "గొర్రె ఈనితె పిల్లకు కప్పిండట. పిల్ల బతికింది. ఇంట్ల పెట్టెల పెట్టి ఏం జేసుకోవాలె దీన్ని?"

నాకు తిట్టాలని ఉంది, ఏడుపూ వస్తోంది. రెండూ కుదరక ఆమె చెయ్యి పట్టుకుని రాజలింగం మడి గట్టు మీదికి తీసుకుపోయాను. ఎర్రబడ్డ కొసలు చూపించాను. గుంజ వెచ్చగా ఉంటే ఊరంతా వెచ్చగా ఉందని యంత్రం అనుకుంటుందనీ, అందుకే పట్టాలు పోయాయనీ చెప్పాను. ఆమె ఒక మొక్క కొస వేళ్ల మధ్య పెట్టి చాలాసేపు నలిపింది.

"గిది నేను జేసిన్నా?"

ఆమె గట్టు మీద అట్లాగే కూలబడింది.

గొంగడి తీయించాను. అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. గుంజను ఊరివాళ్లు ఎవరు కప్పినా, కదిలించినా ఆ ఊరి గుంజను ఆ చలికాలానికి పీకేయాలన్నది నిబంధన. గుంజ లేని ఊరికి చలి కబురు ఉండదు, పట్టాలు అసలే ఉండవు. ముందు రెండు నెలల చలి ఉంది. ఈ దినచర్య ఇరవై నాలుగున జిల్లాకు పోవాలి. ఈ పేజీ రాశాను కానీ పంపుతానో చింపుతానో ఇప్పటికైతే తెలియదు.

డిసెంబర్ 22, మధ్యాహ్నం

ఉత్తరం గాలి తిరిగింది. ఈ రాత్రి అన్ని ఊళ్లకూ రెండు డిగ్రీలని లెక్క వచ్చింది. మేడిచెల్కకు మాత్రం ఏడు, భయం లేదు. నిన్న గొంగడి తీసినా యంత్రం పదిహేను రోజుల వెచ్చదనాన్ని మనసులో పెట్టుకుంది, ఒక్క రాత్రికి మరిచిపోదు.

తీగ మీద జిల్లాకు మాట్లాడాను. డ్యూటీలో ఉన్నావిడ పేరు నిర్మల్‌కౌర్, మర్యాదస్తురాలు. కారణం చెబితే ఇప్పుడే మారుస్తానంది.

"చలిబిళ్ల పాడైంది," అన్నాను.

"మీరు పద్దెనిమిదినే కొత్తవి పెట్టినట్టు రాశారు కదా రుక్మగారూ?"

నా అబద్ధం నా రాతకే చిక్కింది. నిజం చెబితే అంకె మారదు, గుంజ నోరే మూస్తారు. మళ్లీ మాట్లాడతానని పెట్టేశాను. బండి తీశాను. యంత్రం చెప్పకపోతే నేను చెప్పాలి.

డిసెంబర్ 23, ఉదయం

నిన్నటిది వరసగా రాస్తాను.

నేను పోయేసరికి నాలుగు కావస్తోంది. గుంజ చుట్టూ జనాన్ని పోగుచేశాను. రెండు డిగ్రీలకు పడుతుంది, పట్టాలు లేవు కాబట్టి ఉన్నదేదో కప్పండి, బోరు మోటార్లు వేయండి అని నేను అంటుండగానే గుంజ నెత్తిన ఉన్న స్పీకరు గరగరమంది.

"మే-మేడిచెల్క. ఈ రాత్రి ఏ-ఏడు డిగ్రీలు. భ-భయం లేదు."

"భయం ఉంది!" అని నేను అరిచాను.

రాజలింగం ఒకసారి గుంజను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "నోరు మంచిదైతె ఊరు మంచిదంటరు. నీకు రెండు నోర్లున్నయి అక్కా. ఏ నోరు నమ్మాలె?"

జనం నవ్వారు. లచ్చన్న మాత్రం నవ్వలేదు. ఆయన నెమ్మదస్తుడు, నన్ను చెల్లె అని పిలుస్తాడు. "పదకొండేండ్లసంది గుంజ మాట తప్పలే చెల్లె. నువ్వన్న అలిసిపోయి ఉండచ్చు. అది అలవదు గద," అని కండువా దులుపుకుని ఇంటికి నడిచాడు. ఆయన వెనక ఇంకో నలుగురు కదిలారు.

కారణం చెప్పకుండా నమ్మమంటే ఎట్లా నమ్ముతారు? చెబితే కొమురవ్వ పేరు బయటపడుతుంది. బిళ్ల, తీగ, పలక అంటూ ఏదేదో నమిలాను. అప్పుడు కొమురవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. చంకలో గొంగడి ఉంది. దాన్ని విప్పి అందరి ముందూ గుంజకు కప్పింది, ముడి వేసింది, మళ్లీ విప్పింది.

"ఇగో, గిట్ల పదిహేను దినాలు కప్పిన. కుంపటి గూడ పెట్టిన. దానికి సలి తెల్వలే, మీకు జెప్పలే. తప్పు నాది. రుక్మ జెప్పేదే నిజం. నన్ను తర్వాత తిట్టుండ్రి, ముందుగాల నారు గప్పుండ్రి."

ఎవరూ నవ్వలేదు. రాజలింగం గొంగడి వంక చూశాడు. బీరయ్య పోయిన నాడు ఆయన్ని మోసుకొచ్చిన వాళ్లలో అతనూ ఉన్నాడట. "నడువుండ్రి, పొద్దు పోతుంది," అని మాత్రం అన్నాడు.

తర్వాత ఊరు ఊరంతా మడుల మీదే ఉంది. బోరు నీళ్లు భూమిలోంచి గోరువెచ్చగా వస్తాయి, ఉన్న నీళ్లు తీసేసి వాటితో మడులు నింపారు. కర్రలు పాతి తాళ్లు కట్టి, వాటి మీద చీరలు, ధోతులు, దుప్పట్లు, బడి నుంచి తెచ్చిన జంపఖానాలు, పెళ్లి షామియానా గుడ్డ, ఏది దొరికితే అది పరిచారు. ఒక పెళ్లిచీర అంచు గాలికి ఎగురుతుంటే దాని యజమానురాలు మూడుసార్లు వచ్చి రాయి సరిచేసింది. ఏడింటికి గుంజ మళ్లీ "భ-భయం లేదు" అంది. వణుకుతూనే అంది. ఎవరో మడిలోంచి "సప్పుడు జెయ్యకే," అని కసిరారు.

లచ్చన్న ఇంటికి రెండుసార్లు పోయాను. తలుపు వేసుకుని పడుకున్నాడు, లేవలేదు. ఆయన ఇద్దరు కొడుకులూ కాలువ పనికి పోయారు. నేనూ రాజలింగం పోయి ఆయన మడి మీద గడ్డి పరవబోయాం. మూడో వంతు కూడా పరవకముందే గడ్డి అయిపోయింది.

తెల్లవారి గుంజ చూపిన అంకె: ఒకటీ పాయింట్ ఎనిమిది. గుడ్డలన్నీ మంచుకు బిర్రబిగుసుకున్నాయి. ఎత్తి చూస్తే కింద నారు పచ్చగా ఉంది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటూ చూపించుకున్నారు. నేను కొమురవ్వను పట్టుకుని ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

లచ్చన్న మడి మాత్రం పోయింది. గడ్డి కింద ఉన్నంత మేర తప్ప అంతా ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయింది. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"నీ మాటనే ఇన్న గద చెల్లె," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

రాజలింగం అటు నుంచే కేకేశాడు. "మావా, నారు పీకేనాడు ఇంటికి రెండు కట్టలు నీకు. ముప్పై ఐదు ఇండ్లు. లెక్క నువ్వే జేసుకో." నారు మిగిలినవాళ్లు లేనివాళ్లకు ఇవ్వడం ఈ ఊళ్లో పాత అలవాటే. లచ్చన్న తల ఊపాడు కానీ మడి మీది నుంచి చూపు తిప్పలేదు.

డిసెంబర్ 24

ఏ పేజీ చింపలేదు. మొత్తం పంపుతున్నాను.

చివర నింపాల్సిన గళ్లు మూడు. మొదటిది, ఏం జరిగింది: గుంజను పదిహేను రాత్రులు గొంగడితో కప్పారు. రెండోది, నష్టం: ఒక నారుమడి, లచ్చన్నది.

మూడోది, కారణం ఎవరు. ఇక్కడ కొమురవ్వ పేరు రాయాలి, నిబంధన అదే. రాత్రంతా ఆ గడి ముందు కలం పట్టుకున్నాను. ఎద్దులు ఒరుసుకుంటే కంచె వేస్తాం, ఎద్దు మీద కేసు పెట్టం. మనిషి గొంతుతో ఇనుము 'చలి' అని వణుకుతుంటే, చలికి మనిషిని పోగొట్టుకున్న ఆవిడ ఏం చేయాలి? చెవులు మూసుకోవాలా? ఆ గొంతును బాగుచేయడానికి తొమ్మిది కాగితాలు చాలు. పదకొండేళ్లలో నేను ఒక్కటీ నింపలేదు. ఆ గుంజను ఆమె వాకిట్లో పాతించిందీ నేనే.

కారణం: నా గొంతు.

అదే రాశాను. కింద సంతకం పెట్టాను. పీకాల్సి వస్తే గుంజను కాక నన్ను పీకమని కూడా రాశాను. తొమ్మిది కాగితాలూ నింపి జతచేశాను. నలభై నిమిషాలు పట్టింది, అంతే.

డిసెంబర్ 28

నిర్మల్‌కౌర్ తీగ మీద పిలిచింది.

"రుక్మగారూ, నిబంధనలో ఊరివాళ్లు కప్పినా, కదిలించినా అని ఉంది. మీరు కారణం గడిలో ఊరివాళ్లను రాయలేదు. మీ గొంతుకు ఏ శిక్ష వేయాలో నిబంధనలో ఎక్కడా లేదు. మా సారు రెండుసార్లు వెతికారు."

"అయితే?"

"గుంజ ఉంటుంది. ఆ పదిహేను రోజుల అంకెలు కొట్టేశాం. మేడిచెల్క పట్టాలు రేపు తిరిగొస్తాయి. మీ కాపరి పని మీద మెమో వస్తుంది, అది తప్పదు. ఎల్లుండి మీరు జిల్లాకు రండి." పెట్టేసే ముందు, "ఈసారి గదికి కిటికీ రెక్క ఉంది," అంది.

మెమో రానీ. చట్రం కట్టించి గోడకు తగిలించుకుంటాను.

డిసెంబర్ 30

రెండు వందల పన్నెండు మాటలూ మళ్లీ చదివాను. పక్కన హీటరు, చేతిలో అల్లం చాయ్. 'భయం లేదు' అన్న మాట దగ్గర నోరు పెగల్లేదు. లచ్చన్న మడి కళ్లముందుకొచ్చింది. నాలుగుసార్లు చదివించారు. చివరికి వచ్చింది.

నా అంతట నేను ఒక మాట కలిపించాను, రెండు వందల పదమూడోది: 'అనుమానం ఉంటే కప్పండి'. పెద్దయంత్రానికి అనుమానమంటే ఏమిటో తెలియదట. ఏ గుంజ అంకె పక్క ఊళ్లకు దూరంగా ఉంటే అక్కడ ఈ మాట పలకాలని నిర్మల్‌కౌర్ రాసుకుంది.

జనవరి 2

కొత్త గొంతు ఇవాళే మొదలని మేడిచెల్కకు మూడున్నరకల్లా పోయాను. లచ్చన్న కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు, వచ్చి దూరంగా గోడకానుకుని నిలబడ్డాడు. కొమురవ్వ గడప మీద కూర్చుంది. చలి ఎముకలు కొరుకుతోంది, నేను తొందరలో శాలువా మరిచాను.

నాలుగింటికి స్పీకరు గరగరమంది.

"మేడిచెల్క. ఈ రాత్రి నాలుగు డిగ్రీలు. భయం ఉంది. పట్టాలు కప్పండి."

ఒక్క అక్షరం వణకలేదు. నా గొంతే నాకు కొత్తగా ఉంది. కొమురవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా విని, తల ఊపింది.

"ఇప్పుడు కడుపునిండ తిన్నట్టు మాట్లాడుతున్నది," అంది.

లచ్చన్న గోడ నుంచి కదిలాడు. నా పక్కగా పోతూ ఆగాడు. "నేను గూడ నా గడ్డి కింది నారుకు పట్టా గప్పుత చెల్లె," అని మడి వైపు నడిచాడు.

ఏదో అనబోయాను. పళ్లు టకటక కొట్టుకుని మాట రాలేదు. కొమురవ్వ నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది, చంకలో గొంగడితో వచ్చింది. నెత్తి నుంచి కింది దాకా కప్పి, నడుం దగ్గర తాడుతో ముడి వేసింది, అచ్చం గుంజకు వేసినట్టే.

జనవరి 3, తెల్లవారి అంకె: నాలుగూ పాయింట్ ఒకటి. గుంజ మీద ఏమీ లేదు. గొంగడి నా దగ్గర ఉంది.